నిషేధం సరే, న్యాయం మాటేమిటి?

గల్ఫ్ దేశాలలో ఎవరో ఒకరు పని చేస్తున్న ఇళ్లు మా సదాశివనగర్ మండలానికి కొత్త కాదు. అటువంటి ఇళ్లలోని అమ్మలకు, అక్కచెల్లెళ్లకు ఇంటర్నెట్‌పై ప్రభుత్వపు అడ్డుకట్ట అంటే ఏమిటో పాఠం చెప్పనక్కరలేదు. దుబాయిలో ఉన్న మనిషి వాట్సాప్‌లో రాసి పంపగలడు, ఫోటో పంపగలడు. కాని అదే వాట్సాప్‌లో మాట్లాడదామంటే కాల్ కలవదు. అక్కడి ప్రభుత్వ అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. 2022 జనవరి 2 నుంచి అక్కడ అమలులోకి వచ్చిన సైబర్ చట్టం ప్రకారం తప్పుడు వార్తను పంచినవారికి కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా. మాయ చిరునామాతో అడ్డు తప్పించే వి.పి.ఎన్.ను నేరానికి వాడితే జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచే మొదలవుతుంది. కాబట్టి ఇక్కడి నుంచి ఏదైనా వీడియో ‘ఫార్వర్డ్’ చేసే ముందు, అది అక్కడ మన మనిషి ఫోనులోకి చేరుతుందన్న సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

అక్కడ అడ్డుకట్ట అందరికీ కనిపిస్తుంది. మన దేశంలో అది కనిపించదు. ఏ పేజీని ఎవరు మూయించారో, ఎందుకు మూయించారో సాధారణ పౌరునికి తెలియదు. పైగా మన దేశంలో ఈ మూసివేతలన్నీ పౌరుల రక్షణ కోసమే, ముఖ్యంగా స్త్రీల రక్షణ కోసమే అని చెబుతారు. ముస్లిం కుటుంబాలు ఈ మాటను వినగానే తలూపుతాయి. ఎందుకంటే ఈ మాధ్యమాలలో అందరికంటే ఎక్కువగా గాయపడ్డవారిలో మన ఆడపిల్లలు ఉన్నారు. అయితే ఆ గాయం మానడానికి నిషేధం ఎంతవరకు పనికివచ్చిందో లెక్క చూడవలసిన అవసరం ఉంది.

2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’ పేరుతో జరిగిన దారుణం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గిట్‌హబ్ అనేది సాఫ్ట్‌వేర్ పనివారు తమ పనిని భద్రపరచుకునే, నలుగురితో పంచుకునే వేదిక. దానిపై ఒక యాప్ పెట్టి, ఎనభై మందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలను వారి ఖాతాల నుంచి దొంగిలించి, అమ్మకానికి పెట్టిన సరుకులా చూపించారు. నిజంగా ఏ వేలమూ జరగలేదు. అవమానించడమే వారి ఉద్దేశం. ఎంపిక చేసుకున్నది కూడా నోరున్న స్త్రీలనే: విలేఖరులు, విద్యార్థినులు, విమానం నడిపే మహిళ, సామాజిక కార్యకర్తలు. యాప్‌ను తొలగించారు. ఢిల్లీ పోలీసులు కేసు నమోదు చేశారు. ఆ తరువాత ఆరు నెలల పాటు ఒక్కరిని కూడా అరెస్టు చేయలేదు.

ఫలితం ఏమైంది? 2022 జనవరి 1న అదే వేదికపై ‘బుల్లీ బాయి’ అనే మరో యాప్ వచ్చింది. ఈసారి వంద మందికి పైగా స్త్రీలు. అరవై దాటిన హైదరాబాదు సామాజిక కార్యకర్త ఖాలిదా పర్వీన్ పేరు కూడా అందులో ఉంది. జె.ఎన్.యు. నుంచి అదృశ్యమైన విద్యార్థి నజీబ్ తల్లిని కూడా వదలలేదు. తెలుగు ఇళ్లలో దాదీ, నానీ అని పిలిపించుకునే వయసు స్త్రీలను ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు సంతలో నిలబెట్టారు. ఆ రాత్రే ఆ ఖాతాను గిట్‌హబ్ మూసివేసినట్లు కేంద్ర ఐ.టి. మంత్రి ప్రకటించారు. మూసివేత గంటలలో పూర్తయింది. కాని ఈసారి ముంబయి పోలీసులు కదిలారు. బెంగుళూరులో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, ఉత్తరాఖండ్‌లో ఒక యువతిని పట్టుకున్నారు. ఆ కదలిక చూశాక ఢిల్లీ పోలీసులు అస్సాంలో ఒకరిని, జనవరి 9న ఇందోర్‌లో మరొకరిని అరెస్టు చేశారు. ఆ ఇందోర్ యువకుడే ఆరు నెలల క్రితపు ‘సుల్లీ డీల్స్’ సూత్రధారి అని పోలీసులు ప్రకటించారు. పది రోజులలో దొరికిన మనుషులు ఆరు నెలలు ఎందుకు దొరకలేదు? జూలైలోనే పట్టుకొని ఉంటే జనవరిలో వంద మంది స్త్రీలు మరోసారి ఆ అవమానం పాలయ్యేవారా? ఆ ఏడాది మార్చి నెలాఖరుకు ప్రధాన నిందితులిద్దరికీ ఢిల్లీ కోర్టు బెయిలు ఇచ్చింది. బెయిలు చట్టం ఇచ్చిన హక్కే, దానిని మేము తప్పుపట్టడం లేదు. ఆరు నెలల నిద్రను మాత్రం తప్పుపడుతున్నాం.

స్త్రీపై నింద వేయడాన్ని మన పెద్దలు ‘బోహ్తాన్’ అన్నారు. షరీఅత్‌లో పవిత్రురాలిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి శిక్ష ఉంది, అతని సాక్ష్యం ఇక చెల్లదన్న అవమానమూ ఉంది. మద్రసాలో చిన్న తరగతుల పిల్లలకు కూడా తెలిసిన మసలా ఇది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, శిక్ష నింద వేసినవానికి. నింద రాసిన గోడను కడిగేసి సరిపెట్టుకోమని ఎవరూ చెప్పలేదు.

చట్టం కావాలని అడిగేవారు ఇంకొక చరిత్రను కూడా తెలుసుకోవాలి. 2008 డిసెంబరులో, ముంబయి దాడుల తరువాత, పార్లమెంటు ఐ.టి. చట్టానికి సవరణలు చేసింది. అందులో 66ఎ అనే సెక్షన్ ఒకటి. నొప్పించే, చికాకు కలిగించే సందేశం పంపినవారికి మూడేళ్ల వరకు జైలు. వినడానికి బాగానే ఉంది, ఆడపిల్లలకు అసభ్య సందేశాలు పంపే ఆకతాయిల ఆటకట్టిస్తుందని అందరూ సంతోషించారు. మరి దానిలో చిక్కింది ఎవరు? 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణించినప్పుడు బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగినందుకు మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో షాహీన్ ధాడా అనే ముస్లిం అమ్మాయిని, ఆ పోస్టును ‘లైక్’ చేసినందుకు ఆమె హిందూ స్నేహితురాలిని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది మే నెలలో మన తెలుగు నేలపైనే, పౌరహక్కుల సంఘం పి.యు.సి.ఎల్.కు చెందిన న్యాయవాది జయా వింధ్యాలను అరెస్టు చేశారు. అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్యపైన, చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్‌పైన ఫేస్‌బుక్‌లో ఆరోపణలు రాశారన్నది ఆమెపై అభియోగం. ఆ అరెస్టు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పై అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద ఎవరినీ అరెస్టు చేయరాదని 2013 మే 16న కోర్టు ఆదేశించింది. ఆడపిల్ల రక్షణ పేరుతో వచ్చిన చట్టం చివరకు మాట్లాడిన ఆడవారిపైనే పడింది.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు 66ఎను కొట్టివేసింది. అయినా ఠాణాలలో ఆ సెక్షన్ చావలేదు. 2021లో అదే పి.యు.సి.ఎల్. కోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం 11 రాష్ట్రాలలో 745 కేసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కొట్టివేసిన చట్టంతో జైలుకు పంపడమేమిటని న్యాయమూర్తులే ఆశ్చర్యపోయారు. 2022 అక్టోబరులో మళ్లీ ఒక ఆదేశం ఇవ్వవలసి వచ్చింది.

ఇక మూసివేతల సంగతి. 66ఎను కొట్టివేసిన తీర్పే 69ఎ సెక్షన్‌ను నిలబెట్టింది. దేశ భద్రత, ప్రజా శాంతి వంటి కారణాలతో కేంద్ర ప్రభుత్వం ఏ పేజీనైనా, ఖాతానైనా మూయించడానికి ఆ సెక్షనే ఆధారం. కారణాలు రాతపూర్వకంగా ఉండాలి కాబట్టి బాధితుడు కోర్టుకు పోవచ్చునని న్యాయమూర్తులు అన్నారు. బాగుంది. కాని 2009 నాటి నియమాలలో 16వది, వచ్చిన ఫిర్యాదులనూ తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచాలంటుంది. చేతికి రాని కాగితం మీద అప్పీలు చేసేది ఎలా? 2014లో ఈ సెక్షన్ కింద మూసివేసినవి 471 కాగా 2020లో 9,849 అని ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. అందులో మన సమాజంపై విషం చిమ్మినవి ఎన్ని, మన గోడు వెళ్లబోసుకున్నవి ఎన్ని అని అడిగితే, విడమరిచి చూసుకోవడానికి జాబితా బహిరంగంగా లేదు.

2024 అక్టోబరు నుంచి కేంద్ర హోం శాఖ ‘సహయోగ్’ అనే మరో ఏర్పాటు నడుపుతోంది. దీని ద్వారా కేంద్ర, రాష్ట్ర అధికారులు నేరుగా కంపెనీలకు తొలగింపు నోటీసులు పంపుతారు. 69ఎలో ఉన్న కమిటీ పరిశీలన ఇందులో లేదని ఎక్స్ కంపెనీ కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబరు 24న ఆ పిటిషన్‌ను కోర్టు కొట్టివేసింది. ప్రభుత్వ నోటీసు అందిన 36 గంటలలో తొలగించాలన్న గడువు కాస్తా 2026 ఫిబ్రవరి 20 నుంచి 3 గంటలైంది. మూడు గంటలలో తప్పొప్పులు తేల్చడం ఏ కంపెనీకైనా కుదిరే పని కాదు. తీసివేయడమే క్షేమమని తీసివేస్తారు. ఇదే నియమాలలో మనకు మేలు చేసేది కూడా ఒకటి ఉంది, న్యాయంగా దానిని కూడా చెప్పాలి. నగ్న చిత్రాలు, ముఖం మార్చి తయారుచేసిన చిత్రాల గురించి బాధితురాలు స్వయంగా గాని, ఆమె తరఫున మరొకరు గాని కంపెనీకి ఫిర్యాదు చేస్తే, ఇంతకుముందు 24 గంటలు ఉన్న గడువు ఇప్పుడు 2 గంటలు. కృత్రిమ మేధతో నిమిషంలో బొమ్మ తయారవుతున్న ఈ రోజులలో ఇది అవసరమైన సవరణే.

పేజీ మూయడం ఒక ఎత్తు, మొత్తం ఇంటర్నెట్‌నే నిలిపివేయడం మరొక ఎత్తు. 2020 జనవరి 10న, కాశ్మీరు కేసులో, ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను తప్పక ప్రచురించాలని, నిరవధికంగా ఆపరాదని, ఏడు రోజులకొకసారి సమీక్షించాలని సుప్రీంకోర్టు చెప్పింది. రెండే రోజులకు, జనవరి 12 రాత్రి, మన పొరుగున నిర్మల్ జిల్లా భైంసాలో అల్లర్లు చెలరేగాయి. ఇళ్లు తగలబడ్డాయి. ఇంటర్నెట్ నిలిచిపోయింది. 2024 సెప్టెంబరులో, ఒక ఆదివాసీ మహిళపై జరిగిన అఘాయిత్యం దరిమిలా, ఆసిఫాబాద్ జిల్లా జైనూరులో దుకాణాలు దగ్ధమైనప్పుడూ అదే జరిగింది. ఆ మహిళకు న్యాయం జరగవలసిందే, దానిలో రెండో మాట లేదు. వదంతులు ఆపడానికి కొద్ది గంటలు ఇంటర్నెట్ ఆపితే ప్రాణాలు నిలిచే సందర్భాలు ఉండవచ్చునని కూడా ఒప్పుకుంటాం. కాని ఆ గంటలలో గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు ‘మేము బతికే ఉన్నాం’ అని చెప్పలేని తల్లి పరిస్థితి కూడా ఆలోచించాలి. నిజం చెప్పే దారి మూసుకుపోయినప్పుడు వదంతి నోటి నుంచి నోటికి నడిచిపోతుంది, దానికి ఇంటర్నెట్ అక్కరలేదు. వార్త తెచ్చినవాడు నమ్మదగినవాడు కాకపోతే ముందు విచారించుకొమ్మని హుజురాత్ సూరా మనకు నేర్పింది. ఉర్దూలో దీనినే ‘తహ్‌కీక్’ అంటాం. విచారించుకోవడానికి ఏదో ఒక దారి తెరిచి ఉండాలి కదా!

మనకు ఇష్టమైన నిషేధం ఒకటి ఉంది, జూదం. దానిని కూడా అదే తక్కెడలో తూచాలి. 2017లో తెలంగాణ ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, రమ్మీతో సహా నిషేధించింది. దేశంలో అంత గట్టిగా ముందుకు వచ్చిన రాష్ట్రం అదే. మస్జిదులలో, మందిరాలలో కూడా దానిని స్వాగతించారు. కంపెనీలు తెలంగాణలో ఉన్న ఫోనులను గుర్తించి ఆపివేశాయి. మన కుర్రవాళ్లు ఏం చేశారు? తాము మహారాష్ట్రలో ఉన్నట్లు ఫోనుకు అబద్ధం నేర్పే యాప్‌లు పెట్టుకున్నారు. విదేశాల నుంచి నడిచే బెట్టింగ్ యాప్‌లకైతే ఆ అబద్ధం కూడా అవసరం లేకపోయింది. ఒక పేరు మూస్తే మరొక పేరుతో వచ్చాయి. అప్పులపాలై ఉరి వేసుకున్న యువకుల వార్తలు ఎనిమిదేళ్లుగా చదువుతూనే ఉన్నాం.

2025 మార్చిలో గాలి మారింది. హైదరాబాదు పంజాగుట్ట, మియాపూర్ ఠాణాలలో ఈ యాప్‌లకు ప్రచారం చేసిన యూట్యూబర్లపైన, సినిమా తారలపైన కేసులు పెట్టారు. అప్పుడు ఆర్టీసీ ఎం.డి.గా ఉన్న సజ్జనార్ ఈ విషయంపై పట్టుబట్టి ప్రచారం చేయడం కూడా కలిసివచ్చింది. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆడినవాడిని వదిలి, ఆడించినవానికి మూడేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా వరకు, ప్రకటనలిచ్చినవానికి రెండేళ్లు, 50 లక్షల వరకు అంటోంది. బ్యాంకులు ఆ డబ్బును కదపరాదని కూడా రాసింది. మా దృష్టిలో సరైన నాడి ఇది. తెరను మూయడం కంటే డబ్బు నడిచే కాలువను మూయడం, ఆశ చూపిన పెద్దమనుషుల చేతులు పట్టుకోవడం ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు ద్వేష ప్రసంగాలపై చట్టం కావాలన్న మాట మన సభలలో తరచుగా వినిపిస్తోంది. 2025 డిసెంబరులో కర్ణాటక శాసనసభ అటువంటి బిల్లును ఆమోదించింది. ఇక్కడ కూడా రావాలని కోరేవారి బాధ మాకు తెలుసు. అయితే ఇదే తెలంగాణలో 2025 మార్చి 12 తెల్లవారుజామున ఏం జరిగింది? ముఖ్యమంత్రిని తిట్టిన ఒక రైతు మాటలున్న వీడియో ప్రసారం చేశారని రేవతి, తన్వి యాదవ్ అనే ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. పెట్టిన సెక్షన్లలో వ్యవస్థీకృత నేరానికి సంబంధించిన 111 కూడా ఉంది. తిట్లు సభ్యత కాదు. కాని అది ముఠా నేరమా? అధికారంలో ఏ పార్టీ ఉన్నా చేతిలో ఉన్న కర్రను వాడకుండా ఉండదు. రేపు కొత్త కర్ర చేతికిస్తే అది ముందుగా ఎవరి వీపున పడుతుందో పాల్‌ఘర్ అమ్మాయిని అడిగితే చెబుతుంది.

అందుకని చట్టమే వద్దని మేము అనడం లేదు. కొత్త చట్టం అడిగేవారు దానితో పాటు మూడు అడగాలి: హానికి, విమర్శకు మధ్య గీత చట్టంలోనే ఉండాలి. మూసివేత ఉత్తర్వు నకలు బాధితునికి అందాలి. ఫిర్యాదు అందుకొని కూర్చున్న అధికారి జవాబు చెప్పాలి. ఈ మూడవ దానిని ఎవరూ అడగరు, నిజానికి అదే అన్నింటికంటే ముఖ్యం. 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టు, ఎక్స్‌లో ప్రభుత్వాన్ని విమర్శించిన ఒక యువకునిపై కేసులను కొట్టివేస్తూ, సోషల్ మీడియా పోస్టులపై కేసు పెట్టే ముందు పోలీసులు ఏమేమి చూడాలో మార్గదర్శకాలు ఇచ్చింది. రాజకీయ విమర్శ నేరం కాదని, హింసకు లేదా ద్వేషానికి పురికొల్పినట్లు ఆధారం ఉండాలని, పరువునష్టం ఫిర్యాదులను మేజిస్ట్రేటు వద్దకు పంపాలని అందులో ఉంది. కొత్త చట్టం రాసేవారికి మంచి ముడిసరుకు ఇది.

ఇక మన మండలంలో ఒక ఆడపిల్ల ఫోటోను ఎవరైనా పాడుచేసి తిప్పితే ఏం చేయాలి? ముందుగా, ఆ పిల్లను తిట్టడం, ఫోను లాక్కోవడం మానాలి. దోషి ఆమె కాదు. చదువు మాన్పించి పెండ్లి చేసేద్దామనే తండ్రులున్నారు. వేధించినవాడు కోరుకునేది కూడా సరిగ్గా అదే. ఫోటోను ‘ఇది చూశారా’ అంటూ బంధువుల గ్రూపులో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. తేదీ, ఖాతా పేరు, లింకు కనబడేటట్లు స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. తరువాత ఆ వేదికకు, 1930 నంబరుతో నడిచే జాతీయ సైబర్ పోర్టల్‌కు, ఠాణాకు మూడింటికీ ఫిర్యాదు చేయాలి. 1930 డబ్బు మోసాలకే ఎక్కువ పేరుపొందినా, పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల ఫిర్యాదులకు వేరే విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు.

ఠాణాలో ఒక చిక్కు ఉంటుంది. ఐ.టి. చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఆ నేరాల దర్యాప్తు ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారే చేయాలి. అందుకని మండల ఠాణాలో ‘ఇది మా పని కాదు, కామారెడ్డి పోండి’ అనే మాట వినిపించవచ్చు. దర్యాప్తు ఎవరు చేసినా ఫిర్యాదు తీసుకోవడానికి అది అడ్డు కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా, ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. తెలుగు రాయడం రాని తల్లి ఉర్దూలో రాసి ఇవ్వవచ్చు. 2017 నవంబరు నుంచి ఉర్దూ తెలంగాణ అంతటికీ రెండవ అధికార భాష. కేసు నమోదైన తరువాత ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదిదారుకు ఉచితంగా ఇవ్వాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఠాణా మెట్లు దిగవద్దని మా విన్నపం.